పాతరలోని పంతొమ్మిది సీసాలు

ధర్మపురి జిల్లా, ఇండూరు గ్రామంలో కాపురముంటున్న, కీర్తిశేషులు చిన్నప్ప నాయుడి కుమారుడు, డెబ్బై రెండేళ్ల వయసు గల దొరసామి నాయుడు అనే నేను, అక్షయ సంవత్సరం ఆవణి నెలలో, ఒక ఆదివారం పగటిపూట, నా ఇంటి తిన్నె మీద కూర్చుని, సొంత చేతితో రాసి ఉంచుతున్న వీలునామా ఇది.

నా బుద్ధి నిలకడగా ఉంది. కళ్లు కొంచెం మసక. ఎడమ మోకాలు నా మాట వినదు. నాలుక మాత్రం వయసులో ఉన్నప్పటికన్నా చురుగ్గా ఉంది. ఇది రాయమని నన్ను ఎవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. ఇంతకు ముందు ఏ వీలునామా రాయలేదు. ఎవరికైనా ఏదైనా ఇస్తానని నోటిమాటగా అని ఉంటే అది చెల్లదు. పండగ భోజనం తర్వాత అన్న మాటలైతే అసలే చెల్లవు.

దీన్ని తెలుగులో రాస్తున్నాను. నా కొడుకు కుప్పుసామికీ, కూతురు సౌభాగ్యానికీ ఇంట్లో మాట్లాడే తెలుగు వచ్చు గానీ ఈ అక్షరాలు రావు. ఇది తమిళ సీమ, ఇద్దరూ తమిళంలోనే చదువుకున్నారు. కాబట్టి ఇది ఎవరికి వారు మూలకు తీసుకుపోయి చదువుకునే కాగితం కాదు. ఒకరు పైకి చదవాలి, అందరూ వినాలి. నాకు కావలసింది అదే. ఎందుకో అయిదో అంశంలో ఉంది.

1. ఈ వీలునామాను అమలుపరిచే బాధ్యత నా స్నేహితుడు, ఇక్కడి బడిలో తెలుగు చెప్పి రిటైరైన సుబ్బరాయన్ మాస్టరుకు అప్పగిస్తున్నాను. ఆయన అబద్ధం ఆడరు. నిజం చెప్పడానికి తొందరపడరు కూడా. నా గోడగడియారం ఆయనకు చెందాలి. అది పది నిమిషాలు ముందు నడుస్తుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ప్రతి చోటికీ పది నిమిషాలు ఆలస్యంగా వచ్చే మనిషికి సరిగ్గా సరిపోతుంది.

2. బావి కింది రెండెకరాల మాగాణి, బావి, మోటారు పంపు, కాపురమున్న ఇల్లు, ఎద్దుల జత నా కుమారుడు కుప్పుసామికి సర్వహక్కులతో చెందాలి. పదేళ్ల కిందట వాడు నా మాట లెక్కచేయకుండా కొబ్బరి మొక్కలు పీకి టమాటా వేశాడు. ఆరు నెలలు వాడితో మాట్లాడలేదు. టమాటా బాగా పండింది. ఆ సంగతి నేను ఇంతవరకు నోటితో ఒప్పుకోలేదు. ఇప్పుడు రాసి ఒప్పుకుంటున్నాను. ఒప్పుకోవడం అలవాటు లేనివాణ్ణి, చిన్నవాటితో మొదలుపెట్టాను.

3. నా అక్క పళనియమ్మాళ్ తన జీవితకాలం ముందరి గదిలోనే ఉండాలి. ఆమెకు రెండు పూటలా వేడి సంగటి పెట్టే బాధ్యత కుప్పుసామిది. చల్లారితే ఆమె ఊరంతా వినబడేలా అరుస్తుంది. అరవనివ్వండి, మా వంశంలో గొంతు అందరికీ ఉంది. అయిదో అంశంలో ఆమె మాట వస్తుంది. అది విని ఎవరూ ఆమెను ఒక్క మాట అనకూడదు. ఆమె చెప్పింది తనకు తెలిసిన సంగతి. దాన్ని పట్టుకుని కేకలు వేసింది నేను.

4. ఇంటి వెనక అరెకరం మెట్ట గురించి, అందులోని పాతర గురించి.

ఆ పాతర మా తాతలు రాగులు దాచుకోవడానికి తవ్వింది. కరువులో కూడా అందులో ధాన్యం పుచ్చలేదని చెప్పేవాళ్లు. చిత్తిర నెల నడివేసవి ఎండలో పైన రాయి మీద కాలు పెట్టలేం, లోపల మాత్రం మట్టికుండ కింది చోటులా చల్లగా ఉంటుంది. మేము మూటలు ఇంట్లో పెట్టుకునే కాలం వచ్చాక అది ఖాళీగా పడి ఉంది. నేను దాని మెడ వెడల్పు చేసి పదకొండు మెట్లు కట్టించాను.

కట్టించింది ఒక పీపా కోసం. బెంగుళూరులో ఒక బీరు కంపెనీలో నేలమాళిగ పని ఇరవై రెండేళ్లు చేశాను. పీపాలు కడగడం, నింపడం, రుచి చూసి పైవాళ్లకు చెప్పడం నా పని. బెల్జియం దేశం నుంచి వచ్చిన లిండర్స్ దొర మాకు పెద్ద. వాళ్ల దేశంలో ఒక రకం బీరును చెక్క పీపాల్లో పోసి రెండేళ్లు, మూడేళ్లు పులవనిస్తారట. ఇక్కడ కూడా అలా కొంచెం చేశాడు. కంపెనీవాళ్లు ఒక గుక్క తాగి, ఉమ్మి, పారబోయమన్నారు. ఉమ్మకుండా మింగినవాణ్ణి నేనొక్కణ్ణే. నేను పని మానేసిన 1971లో దొర కాగితం రాయించి ఒక పీపా నాకు ఇచ్చేశాడు. అప్పుడే మన రాష్ట్రంలో మద్యనిషేధం ఎత్తేశారు. లారీలో తెచ్చి, పాతరలోకి తాళ్లతో దించాం.

ఇప్పుడు ఆ పీపా లేదు. అందులోది సీసాల్లో ఉంది. 1974లో నలభై ఎనిమిది నింపాను, కొన్ని పగిలాయి, కొన్ని తాగాను. మిగిలింది పంతొమ్మిది. ఇవి చట్టానికి నచ్చే సరుకు కాదని తెలిసే ఈ కాగితాన్ని రిజిస్టరు చేయించలేదు. చేత్తో రాసి ఇద్దరి ఎదుట సంతకం పెడితే చాలునని మాస్టరు చెప్పారు.

5. ఇప్పుడు అసలు సంగతి.

1972లో సౌభాగ్యానికి పద్దెనిమిదేళ్లు. పాతరలోకి నాతో దిగేది ఆమె ఒక్కతే. ఆమె అమ్మ, నా భార్య మీనాక్షమ్మ, అప్పటికే పోయింది. పీపా అడుగున కొయ్య కుళాయి ఉంది. వారానికోసారి ఒక గ్లాసు పట్టి ఇద్దరం నాలుక మీద వేసుకునేవాళ్లం. నేను పులుపు అనేవాణ్ణి. ఆమె ఏ పులుపో చెప్పేది. ఒకసారి “పచ్చి చింతకాయ కాదు నాయనా, చింతచిగురు” అంది. మళ్లీ తాగి చూస్తే చింతచిగురే. ఇరవై రెండేళ్లు అదే పని చేసిన నాకు లేని నాలుక ఆ పిల్లకు ఉందని ఆ రోజు గర్వపడ్డాను. ఆమెకు చెప్పలేదు.

ఆ ఏడాది ఆడి నెలలో మా మామగారి కర్మలకు పది రోజులు సేలం పోయాను. కుళాయి కారుతున్నట్టు అనుమానం. బస్సుకు పోయే ముందు పాతర దగ్గర నిలబడి, రోజూ ఒకసారి దిగి చూడమని ఆమెకు చెప్పాను. ఈ మాట మళ్లీ రాస్తున్నాను, మాస్టరుగారు మళ్లీ చదవాలి. రోజూ దిగి చూడమని చెప్పింది నేనే.

ఆడి పద్దెనిమిది పండగ పొద్దున తిరిగి వచ్చాను. ఆ రోజు ధర్మపురిలో విత్తనాల కొట్టున్న కన్నప్పన్ కుటుంబం మా ఇంటికి పండగ భోజనానికి వచ్చింది. వాళ్ల అబ్బాయికి సౌభాగ్యాన్ని మాట్లాడుకున్నాం. ఆవణిలో తాంబూలాలు అనుకున్నాం. కన్నప్పన్‌కు పీపా చూపించి గొప్పలు పోదామని పైమూత తీశాను. లోపల తెల్లగా, మీగడలా, ముడతలు పడిన పొర ఒకటి మొత్తం కమ్మేసి ఉంది.

ఊరగాయ జాడీలో తెల్లటి పొర కనబడితే మన ఇళ్లలో ఆడవాళ్లను ఏమని అడుగుతామో అందరికీ తెలుసు. అదే అడిగాను. అక్క చెప్పింది. “సౌభాగ్యం దూరంగా ఉండే రెండో దినం పాతరలోకి దిగింది. నా కండ్లతో నేను సూసినాను.”

నేను పైకి వచ్చి, విస్తళ్లు వేసి ఉన్న చోట, చుట్టాల ముందు, నా కూతుర్ని కేకలేశాను. నీ చెయ్యి పడితే ఏదీ నిలవదు అన్నాను. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అని చిన్నప్పుడు పలక మీద దిద్దినవాణ్ణే. నువ్వే కదా దిగమన్నావు అని ఆ పిల్ల అనలేదు. అని ఉంటే నేను బతికిపోయేవాణ్ణి. ఆమె అన్నది ఒకటే మాట. “పైన ఉండేదాన్ని తియ్యొద్దు నాయనా. కుళాయిలోది నోట్లో పోసుకొని సూడు, బాగుండాది.”

నేను చూడలేదు. పాతర మీద బండ వేసి మూసేశాను.

కన్నప్పన్ సగం విస్తరిలో లేచి చెయ్యి కడుక్కున్నాడు. నాలుగో నాడు కబురు వచ్చింది, సంబంధం వద్దని. ఆ తర్వాత రెండేళ్లు మరో సంబంధం గడప తొక్కలేదు. 1974 వైకాశి నెలలో సోగత్తూరులో భార్య పోయిన మనిషికి ఇచ్చి చేశాను. అల్లుడు మంచివాడు. అది ఆమె అదృష్టం, నా గొప్ప కాదు. కానీ ఆమె చెయ్యి మంచిది కాదన్న మాట ఆమె కన్నా ముందే ఆ ఊరు చేరింది. పన్నెండేళ్లుగా వాళ్ల అత్త మునియమ్మాళ్ ఆమెను ఊరగాయ జాడీ తాకనివ్వలేదు.

పెళ్లయిన రెండు నెలలకు, మళ్లీ మద్యనిషేధం వస్తోందని కబురు తెలిసి, పీపా పారబోద్దామని గడ్డపారతో బండ ఎత్తాను. అది కూడా ఆడి పద్దెనిమిదే. తెల్లపొర లేదు, అడుక్కు దిగిపోయింది. కింద ఎర్రగా, గాజులా తేటగా ఉంది. నాలుక మీద వేసుకున్నాను. అంత మంచిది కంపెనీలో ఎప్పుడూ తాగలేదు. పాతర మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

దొరకు ఉత్తరం రాయించాను. జవాబు చదివి చెప్పింది సుబ్బరాయన్ మాస్టరే. వారం వారం గ్లాసులు పట్టడం వల్ల పీపాలో పైన ఖాళీ ఏర్పడిందట. ఆ ఖాళీలో పొర కట్టిందట. పొర గాలిని ఆపకపోతే అంతా కాడి, అంటే వెనిగరు, అయిపోయేదట. దాన్ని కదిలించకుండా వదిలినవాళ్లకు తన దండం చెప్పమన్నాడు. అంటే పొర వచ్చింది నా గ్లాసుల వల్ల. దాన్ని తియ్యొద్దన్నది సౌభాగ్యం, చెడిపోయిందని బండ వేసింది నేను. నా కూతురి చేతికీ, ఆమె దినాలకూ దీనితో ఏ సంబంధమూ లేదు. ఆ దొర దండం పన్నెండేళ్లుగా నా దగ్గరే ఉండిపోయింది.

ఎందుకు చెప్పలేదని అడుగుతారు. రెండుసార్లు గుడ్డసంచిలో సీసా పెట్టుకుని సోగత్తూరు పోయాను. మొదటిసారి మజ్జిగ తాగి వచ్చేశాను. రెండోసారి సౌభాగ్యం అన్నం పెట్టింది. విస్తరి చివర కొట్లో కొన్న ఊరగాయ వేసింది. నేను దాని వంక చూస్తుంటే, “మా ఇంట్లో నేను వెయ్యను నాయనా” అని, నీళ్లు తేవడానికి లోపలికి పోయింది. ఆ ఊరగాయ మొత్తం తిన్నాను. సీసా సంచిలోనే తిరిగొచ్చింది. నాకు సిగ్గేసింది, అంతకు మించి కారణం ఏమీ లేదు. కలిసిన ప్రతిసారీ మాస్టరు చెప్పేయమన్నారు, నేను వానల గురించి మాట్లాడాను.

6. 1974 నుంచి ప్రతి ఆడి పద్దెనిమిది నాడు ఒక సీసా తీసి, రుచి చూసి, నోటుబుక్కులో రాస్తూ వచ్చాను. అది కూడా ఆస్తిలో భాగమే. ఎలా మారుతూ వచ్చిందో వినేవాళ్లకు తెలియాలని కొన్ని ఇక్కడ ఎక్కిస్తున్నాను.

1975: పులుపు ముందు పళ్లను పట్టుకుంటుంది, తర్వాతే నాలుకను. ముక్కుకు కాడి ఘాటు.

1977: నేరేడు పండు వగరు. నాలుక అంచులు బిగుసుకున్నాయి.

1978: కొత్త చెప్పుల వాసన. మొదట చెడిపోయిందనుకున్నాను. గ్లాసు గంటసేపు పెట్టి తాగితే అదే బాగుంది.

1980: పాత చింతపండు. ఇప్పుడు పులుపు వెనక తీపి లాంటిది ఉంది, తీపి కాదు.

1983: ఎండబెట్టిన అత్తిపండు. ఆ ఏడు వానలు లేవు, పాతరలో కూడా కొంచెం వెచ్చదనం తగిలింది. అయినా చెడలేదు.

1984: పులుపు తగ్గలేదు. మిగతావన్నీ పెరిగి దాని పక్కన కూర్చున్నాయి.

ఆలస్యం అమృతం విషం అంటారు. ఈ పీపా విషయంలో ఆ సామెత తప్పయింది. నా విషయంలో నూటికి నూరుపాళ్లు ఒప్పు.

పోయినేడు, ఈ ఏడు రాసిన రెండు పేజీలను గంజితో అంటించేశాను. ఎనిమిదో అంశంలో చెప్పినట్టు జరిగేదాకా వాటిని ఎవరూ విప్పకూడదు.

7. పై అరెకరం మెట్ట, పాతర, పంతొమ్మిది సీసాలు, నోటుబుక్కు, పాతర తాళంచెవి నా కుమార్తె సౌభాగ్యానికి, ఆమె ఒక్కదానికే, సర్వహక్కులతో చెందాలి. వీటితో పాటు ఆమె అమ్మ మీనాక్షమ్మ ఊరగాయ వేసిన పెద్ద జాడీ కూడా. అది ముందరి గదిలో అటక మీద ఉంది. మీనాక్షమ్మ పోయాక అందులో ఎవరూ ఏమీ వేయలేదు. కుప్పుసామి దీనికి అడ్డు చెప్పడని నాకు తెలుసు. చెబితే టమాటా గురించి నేను రాసింది వెనక్కి తీసుకుంటాను.

8. నేను పోయిన పదహారో నాటి తర్వాత వచ్చే మొదటి ఆదివారం పగలు, పాతర ముందు అందరూ కూర్చోవాలి. నా పిల్లలు, అక్క, అల్లుడు, ఆయన తల్లి మునియమ్మాళ్ రావాలి. ధర్మపురి కన్నప్పన్‌ను తాంబూలం పెట్టి మరీ పిలవాలి. ఆయన మీద నాకు పద్నాలుగేళ్ల కోపం ఉంది. నేను అరిచింది నమ్మి లేచిపోయాడు, అంతే కదా. ఆ కోపం కూడా న్యాయమైంది కాదు. నేను అన్నది అందరి ముందు. కాబట్టి తప్పు అని చెప్పేది కూడా అందరి ముందే చదవాలి, అన్న భాషలోనే చదవాలి.

చదివాక కుప్పుసామి తాడు కట్టి పాతరలోకి దీపం దించాలి. దీపం ఆరితే లోపల గాలి మంచిది కాదు, ఎవరూ దిగకూడదు. వెలుగుతుంటే సౌభాగ్యం అందరికన్నా ముందు దిగాలి. ఆ దినం ఏ దినమని ఎవరూ ఆమెను అడగకూడదు. అడిగినవాళ్లు నా బంధువులు కారు.

ఆమె ఒక సీసా తీసి, రుచి చూసి, ఏమంటే అది మాస్టరు నోటుబుక్కులో రాయాలి. ఆ తర్వాతే నా చివరి రెండు పేజీలు విప్పాలి. బాగాలేదని ఆమె అంటే మిగతావన్నీ పారబోయండి. మాస్టరు మద్యం ముట్టరు కనుక ఆయనను ఎవరూ బలవంతపెట్టకూడదు, వాసన చూస్తే చాలు.

9. సాక్షులకు ఏమీ ఇవ్వకూడదని చట్టం. అందుకని కాంపౌండరు తంగరాజ్‌కు నా చేతికర్ర ఇవ్వలేకపోతున్నాను. దాని మీద ఆయనకు ఎప్పటినుంచో కన్నుంది.

పై విషయాలు రాసి, చదివి చూసుకుని, సరిగా ఉన్నాయని సంతకం చేస్తున్నాను.

ఇండూరు, 1986 సెప్టెంబరు 7.
(సంతకం) చి. దొరసామి నాయుడు
సాక్షులు: తంగరాజ్, కాంపౌండరు, శివలింగం, రైతు.

అనుబంధం

పై వీలునామా రాసిన రెండు వారాలకు, అదే బుద్ధి నిలకడతో, దీన్ని చేర్చుతున్నాను.

సంతకాలు అయ్యాక తంగరాజ్ లేచిపోకుండా కూర్చుని, “దొరసామన్నా, నువ్వు పోయినాక ఇదంతా సదివిస్తే, ఆ పిల్ల ఎవుర్ని అడగాల, ఎవురి మీద కోప్పడాల?” అన్నాడు. అంటించేసిన పేజీలో ఈ ఏడు ఏం రాశానో నాకు తెలుసు. ఇంక ఆగే వీలు లేదు. అందరికీ కబురు పంపాను.

ఈ ఆదివారం అందరూ వచ్చారు. కన్నప్పన్ కూడా కర్ర ఊతంతో వచ్చాడు. మాస్టరు పది నిమిషాలు ఆలస్యంగా వచ్చి, మొదటి నుంచి చివరిదాకా చదివారు. అయిదో అంశంలో మళ్లీ చదవమన్న మాట మళ్లీ చదివారు. అక్క కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. మునియమ్మాళ్ నేల చూసింది. సౌభాగ్యం నిలబడే విన్నది, నా వైపు చూడలేదు.

దీపం వెలిగింది. ఆమె ముందు దిగింది. ఎవరూ ఏమీ అడగలేదు. పద్నాలుగేళ్ల తర్వాత ఆ మెట్ల మీద ఆమె అడుగులు విన్నాను. సీసా పైకి తెచ్చి, బిరడా తీసి, ఒక గుక్క నాలుక మీద అటూ ఇటూ తిప్పి మింగింది. “ఎండు అత్తిపండు, అడుగున చింతచిగురు ఇంకా ఉండాది. అయితే ఇది దిగేదానికి మొదలుపెట్టింది నాయనా. పోయినేడే తీసి ఉండాల” అంది. మాస్టరు రాసుకుని, పేజీలు విప్పి చదివారు. 1985: ఇంతకన్నా ఎక్కేది లేదు. 1986: దిగడం మొదలైంది. కన్నప్పన్ తల ఊపాడు. తర్వాత అందరూ తలా ఒక గుక్క తాగారు. అక్క ఉమ్మేసింది.

నన్ను క్షమించానని సౌభాగ్యం అనలేదు. నేను అడగలేదు. ఆమె లోపలికి పోయి, స్టూలు వేసుకుని, అటక మీది జాడీని తానే దించింది. నేను పోయాక తీసుకోవాలని రాశాను కదా అన్నాను. “నువ్వు పోయేదాకా నేను కాచుకోను” అంది. కుప్పుసామి బండి కడతానన్నా వినలేదు. సోగత్తూరు బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పక్కన మునియమ్మాళ్ జాడీ మూత పట్టుకుని కూర్చుంది. బస్సు కదిలేముందు కిటికీలోంచి, “చిత్తిరలో మామిడికాయ వేస్తాను. అందాకా ఉండు నాయనా” అంది.

కాబట్టి ఏడవ అంశంలో చెప్పిన జాడీ ఇప్పుడు నా ఆస్తిలో లేదు. ఆ వాక్యాన్ని రద్దు చేస్తున్నాను. ఎనిమిదో అంశం పూర్తిగా అమలైంది గనుక అదీ రద్దు. సీసాలు ఇప్పుడు పద్దెనిమిది, మిగతావన్నీ అలాగే ఉంటాయి. ఈ కాగితం చిత్తిర దాటేదాకా ఎవరికీ అవసరం పడకూడదని నా కోరిక.

ఇండూరు, 1986 సెప్టెంబరు 21.
(సంతకం) చి. దొరసామి నాయుడు
సాక్షులు: తంగరాజ్, కాంపౌండరు, శివలింగం, రైతు.